తలుపు తెరవాలా, వద్దా? మీరే చెప్పాలి!

చందమామ సీరియల్స్ చదివి పెరిగిన వాళ్లందరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. కథానాయకుడు శిథిలమైన కోటలోకి అడుగు పెడతాడు. ఎదురుగా మూసిన తలుపు. లోపలి నుంచి ఏదో గురక. ‘ఒరేయ్, ఆ తలుపు తియ్యకురా’ అని మనం మనసులోనే అరుస్తాం. వాడు వినడు, తీసేస్తాడు. సరిగ్గా అక్కడే ‘ఇంకా ఉంది’ అని పడుతుంది. ఇక నెల్లాళ్లు ఆగాల్సిందే.

‘తియ్యను, ముందు తలుపు సందులోంచి చూస్తాను’ అని చెప్పే అవకాశం మనకే ఉంటే? అలా చూసినందుకు కథే మారిపోతే? ఆ ఒక్క అవకాశం చుట్టూ అల్లిన ఆట ఒకటుంది. దాని పేరు టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ గేమ్. శంషాబాద్‌లో, విమానాలు నెత్తి మీదుగా దిగుతుండగా, మా డాబా మీది గదిలో ఐదుగురం కొన్నాళ్లుగా ఈ ఆట ఆడుతున్నాం. దీనికోసం రాసిన సాహసాల పుస్తకాలు బోలెడున్నాయి. వాటిలో ఏది మంచిదో చదివితే తెలియదు, ఆడితేనే తెలుస్తుంది. అలా ఆడి చూసిన మూడింటి గురించి, ఆ తర్వాత మేమే కట్టుకున్న ఒక కథ గురించి ఈ వ్యాసం.

అసలు ఏమిటీ ఆట?

బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. వాళ్లని డంజియన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు మాంత్రికుడు, ఒకరు కత్తియోధురాలు, ఇంకొకరు గజదొంగ. ‘మీరు అడవి దారిలో వెళ్తున్నారు. దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చి పడున్నాయి. ఏం చేస్తారు?’ అని డీఎం అడుగుతాడు. అక్కణ్నుంచి కథ మీది. పారిపోవచ్చు, పొదల్లో దాక్కోవచ్చు, గుర్రాల మీద జీనులు ఎవరివో చూడొచ్చు. బోర్డు తప్పనిసరి కాదు. ఒకరు గెలిచి ఇంకొకరు ఓడడం అన్నది ఉండదు.

ఈ తరహా ఆటల్లో మొదటిది ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దీన్ని తయారుచేశారు. మొదటి విడతలో వేసింది 1,000 పెట్టెలే. ఒక్కో పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ చూసినవాళ్లకి మొదటి ఎపిసోడ్‌లోనే పిల్లలు బల్ల చుట్టూ చేరి గోల గోలగా ఆడే ఆట గుర్తుండే ఉంటుంది. అది ఇదే.

మనకి ఈ ఆట కొత్తే గానీ, ఇందులోని సరుకు కొత్తది కాదు. దీనికి 20 ఏళ్ల ముందే, 1954లో, దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో ‘తోకచుక్క’ మొదలుపెట్టారు. ఆ తర్వాత మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం... దాదాపు పాతికేళ్లపాటు చిత్రా గారి బొమ్మలతో ఆ సీరియల్స్ నడిచాయి. కొండగుహలు, మాంత్రికులు, వింత జంతువులు, పాడుబడ్డ గుళ్లు అన్నీ అందులో ఉన్నాయి. లేనిదల్లా పాచిక ఒక్కటే.

20 ముఖాల పాచిక

అష్టాచెమ్మా ఆడేటప్పుడు నాలుగు గవ్వలు వేస్తాం. ఇక్కడ 4, 6, 8, 10, 12, 20 ముఖాల పాచికలు వాడతారు. అన్నిటికన్నా ఎక్కువ పని 20 ముఖాలదానికే. మీ పాత్ర ఏదైనా కష్టమైన పని చేయబోతే దాన్ని వేస్తారు.

ఒక లెక్క చూద్దాం. గోడ ఎక్కడానికి 15 రావాలని డీఎం నిర్ణయించాడు. మీ పాత్ర బలశాలి కాబట్టి పడినదానికి 5 కలుస్తుంది. అంటే పాచిక మీద 10 గానీ ఆపైన గానీ పడితే చాలు. 20లో 11 అవకాశాలు, 55 శాతం. ‘ఆగండి, పైన చెట్టుకొమ్మకి తాడు విసిరి పట్టుకుని ఎక్కుతా’ అన్నారనుకోండి. డీఎంకి ఆ ఆలోచన నచ్చితే ‘అడ్వాంటేజ్’ ఇస్తాడు. రెండుసార్లు వేసి, పెద్ద అంకె తీసుకోవచ్చు. ఇప్పుడు అవకాశం దాదాపు 80 శాతం. ఒక్క తాడు మీ అదృష్టాన్ని 55 శాతం నుంచి దాదాపు 80 శాతానికి పెంచింది. బుర్ర వాడినవాడికి పాచిక కూడా సాయం చేస్తుందన్నమాట.

శంషాబాద్‌లోనే ఎందుకు?

2008 మార్చిలో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచీ ఈ చుట్టుపక్కల రాత్రికీ పగటికీ పెద్ద తేడా లేదు. అర్ధరాత్రి రెండింటికి డ్యూటీకి బయల్దేరేవాళ్లు, పొద్దున్నే ఏడింటికి ఇంటికొచ్చి పడుకునేవాళ్లు ఒకే మెట్ల మీద ఎదురవుతారు. మా బిల్డింగ్‌లో రెండేళ్లున్నా, పక్క ఫ్లాట్‌వాళ్ల పేరు నాకు కొరియర్ ప్యాకెట్ మీద చదివితేనే తెలిసింది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. పొద్దున ఔటర్ రింగ్ రోడ్డెక్కి గచ్చిబౌలి వెళ్తాను, చీకటి పడ్డాక వస్తాను. ఇక్కడ ఉంటున్నానని చెప్పడానికి కరెంటు బిల్లు తప్ప వేరే సాక్ష్యం ఉండేది కాదు.

ఆట మొదలయ్యాక మా బల్ల దగ్గరికి చేరినవాళ్లు వీళ్లు: సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే నా రూమ్మేట్, కార్గోలో పనిచేసే షాద్‌నగర్ తమ్ముడు, విమానాల మెయింటెనెన్స్‌లో ఉన్న టెక్నీషియన్ అన్న, చెక్-ఇన్ కౌంటర్‌లో ఉండే శ్రీకాకుళం అమ్మాయి. నలుగురి షిఫ్టులూ నాలుగు రకాలు. అందరికీ కుదిరేది రెండు వారాలకి ఒక ఆదివారం, అదీ మూడున్నర గంటలు. ఎవరైనా రాకపోతే వాళ్ల పాత్ర కథలో జ్వరమొచ్చి సత్రంలో పడుకుంటుంది. విమానం మరీ తక్కువగా వెళ్లినప్పుడు డీఎం మాట ఆపాలి, అందరూ చాయ్ గుటక వేయాలి. ఇది మా బల్ల నియమం.

ఇంత తక్కువ టైమ్ ఉన్నవాళ్లకి పుస్తకం ఎంపిక చాలా ముఖ్యం. పాడు సినిమాకి వెళ్తే రెండున్నర గంటలే పోతాయి. పాడు సాహసానికి నాలుగు ఆదివారాలు పోతాయి. అందుకే ప్రతి పుస్తకాన్నీ మూడు ప్రశ్నలతో తూస్తున్నాం. మొదటి అరగంటలో ఆటగాళ్లు ఏదైనా నిర్ణయం తీసుకోగలరా? ఒక్కో చిక్కుకి ఒకటికన్నా ఎక్కువ దారులున్నాయా? పాచిక పాడుచేస్తే కథ ఆగిపోతుందా, పక్కకి తిరిగి నడుస్తుందా?

లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్

2014లో కొత్తవాళ్ల కోసం వేసిన స్టార్టర్ సెట్‌లో వచ్చిన సాహసం ఇది. రిచర్డ్ బేకర్, క్రిస్ పెర్కిన్స్ రాశారు. అడవి దారి, చచ్చిన గుర్రాలు ఇందులోవే. ఒక బండి సరుకుని ఊరికి చేర్చే చిన్న పనితో మొదలై, పోయిన గనిని వెతికేదాకా వెళ్తుంది.

మొదటి ప్రశ్నకి దీనికి నూటికి నూరు. కూర్చున్న పది నిమిషాలకే పొదల్లోంచి నలుగురు గాబ్లిన్లు దూకుతారు. గాబ్లిన్లంటే పొట్టిగా, పిరికిగా, దొంగబుద్ధితో ఉండే జాతి. నష్టం కూడా అక్కడే ఉంది. ఒక గాబ్లిన్ దెబ్బకి 3 నుంచి 8 పాయింట్లు పోతాయి. కొత్త మాంత్రికుడి ప్రాణం మొత్తం దాదాపు అంతే. ఒక్క దురదృష్టపు పాచికతో నేల మీద పడొచ్చు. అయినా రాసినవాళ్లు ఆలోచించారు. అందరూ ఓడిపోతే గాబ్లిన్లు చంపరు, స్పృహ తప్పినవాళ్లని వదిలేసి సరుకు దోచుకుపోతారని పుస్తకంలోనే ఉంది. అంటే ఓడినా కథ నడుస్తుంది. పోయిన సరుకు వెతుక్కుంటూ వెళ్లడానికి ఇంకా గట్టి కారణం దొరుకుతుంది.

ఇక రెండో ప్రశ్న. గుహలో బందీగా ఒక మనిషి ఉంటాడు. అతన్ని పట్టుకున్న గాబ్లిన్ నాయకుడికి పైన ఇంకో పెద్ద నాయకుడున్నాడు. వాడంటే వీడికి పడదు. ‘వాణ్ని చంపితే ఇతన్ని వదిలేస్తా’ అని బేరం పెడతాడు. కత్తితో తేల్చొచ్చు, బేరంతో తేల్చొచ్చు, మోసంతోనూ తేల్చొచ్చు. కొత్తవాళ్లు మొదట ఆడాల్సింది ఇదే అని నిస్సందేహంగా చెప్తాను.

టూంబ్ ఆఫ్ హారర్స్

ఇది పాత పులి. గైగాక్స్ 1975లో ఒక ఆటల సమావేశంలో ఆడించి, 1978లో పుస్తకంగా తెచ్చాడు. ఒక మాంత్రికుడి సమాధి, దాన్నిండా ఉచ్చులు. లోపలికి వెళ్లే దారుల్లోనే దొంగదారులున్నాయి. లోపల గోడ మీద పెద్ద ఆకుపచ్చ రాక్షసి ముఖం, నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోట్లో చిమ్మచీకటి. దాన్లోకి వెళ్లింది ఏదైనా మాయమైపోతుంది, తిరిగి రాదు.

మా రూమ్మేట్‌లోని టెస్టర్ ఆ రోజు లేచాడు. అందరూ ‘దారి దొరికింది’ అని ఎగబడుతుంటే, ముందు రాయి విసిరాడు. చప్పుడు రాలేదు. తర్వాత పొడవాటి కర్ర పెట్టి వెనక్కి లాగాడు. కర్ర సగమే వచ్చింది. ‘ప్రొడక్షన్‌లోకి పంపే ముందు టెస్ట్ చెయ్యాల్రా’ అన్నాడు. వాణ్ని మేం అంతకుముందు ఎప్పుడూ అంత గౌరవంగా చూడలేదు.

కానీ మూడో ప్రశ్న దగ్గర ఈ పుస్తకం తప్పుతుంది. ఒక తప్పడుగు వేస్తే పాత్ర చచ్చిపోతుంది, అంతే. పక్కదారి అన్నది ఉండదు. మొదటి గంటలోనే ఇద్దరి పాత్రలు పోయాయి. రాత్రి షిఫ్ట్ చేసి నిద్రమొహంతో వచ్చిన మనిషికి ‘నువ్వు చచ్చావు, కూర్చో’ అని చెప్పడం ఏం న్యాయం? పొడుపుకథలు విప్పడం ఇష్టమున్నవాళ్లు, ఎప్పుడు పోయినా బాధపడని పాత్రలతో, ఒక్క రాత్రికి ఆడొచ్చు. నెలలు ప్రేమగా పెంచుకున్న పాత్రని మాత్రం ఇందులోకి దింపొద్దు.

ఇన్ ద మిస్ట్స్ ఆఫ్ మణివర్ష

2022లో ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటడెల్’ అని 13 సాహసాల సంపుటి వచ్చింది. అందులో ఒకటి మన దేశపు రచయిత్రి మిమి మండల్ రాసింది. శంఖభూమి అనే నదుల సీమ. బెంగాల్ నేల నుంచి పుట్టిన ఊహ. సాహసంతోపాటు ఆ సీమలోని మనుషులు, ఊళ్లు, ఆచారాల పరిచయం కూడా ఇచ్చారు కాబట్టి, అది అయిపోయాక మన సొంత కథలు కూడా అక్కడ నడుపుకోవచ్చు.

‘నెవర్‌వింటర్’ అనే ఊరి పేరు పలకడానికే మొహమాటపడ్డ మా బల్ల దగ్గర, శంఖభూమి అనగానే అందరూ ముందుకి జరిగారు. నది, పడవలు, వరద, పొగమంచు. శ్రీకాకుళం అమ్మాయికి వీటిలో ఏదీ వివరించక్కర్లేదు. లోపం ఏమిటంటే ఇది తొమ్మిదో స్థాయి పాత్రల కోసం రాసింది. ఆ స్థాయిలో ఒక్కో పాత్రకి బోలెడు శక్తులు. కొత్తవాళ్లు కాగితం చూసే బెదిరిపోతారు. డీఎం కూర్చుని శత్రువుల బలం తగ్గించుకుని ఆడించాలి. ఆ ఓపిక ఉంటే తప్పకుండా ఆడండి.

ఈ పుస్తకం నాకు చేసిన మేలు వేరే ఉంది. ఒక రచయిత్రి తనెరిగిన నేలని తీసుకెళ్లి ఈ ఆటలో పెట్టగలిగింది. మరి మన నేల?

తెలుగులోకి మారిన రోజు

మొదట్లో మేం ఇంగ్లీషులోనే ఆడేవాళ్లం. పుస్తకం ఇంగ్లీషు కాబట్టి నోరూ ఇంగ్లీషే. ‘ఐ అటాక్’, ‘ఐ ఓపెన్ ద డోర్’. కార్గో తమ్ముడు మూడు గంటల్లో నాలుగు మాటలు మాట్లాడేవాడు. నాలుగూ ‘ఐ అటాక్’ లే.

ఒక ఆదివారం ఫాండెల్వర్ గుహలో ఆ గాబ్లిన్ బేరం దగ్గరికి వచ్చాం. నేను గాబ్లిన్ మాటలు తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. కార్గో తమ్ముడు కుర్చీలో సర్దుకున్నాడు. ‘అన్నా, ఒక మాట అడుగుత. దోచిన మాల్‌ల మీ పెద్ద సర్దార్ నీకు హిస్సా సరిగ్గ ఇస్తుండా?’ అన్నాడు. గాబ్లిన్ తడబడ్డాడు. అంటే నేనే తడబడ్డాను. ‘ఇయ్యకుంటె మరి నువ్వెందుకు ఆయన కింద పడి ఉన్నవ్? నీ మనుషులు నీ మాట వింటరు గదా. మేం నీ తోడు ఉంటం’ అన్నాడు. పావుగంటలో కత్తి తియ్యకుండా గాబ్లిన్లనే వాళ్ల పెద్ద నాయకుడి మీదికి తిప్పాడు. అతను రోజూ గోడౌన్‌లో లారీ డ్రైవర్లతో, సూపర్‌వైజర్లతో చేసే పనే అది. ఆ తెలివి మా బల్ల మీదికి రావడానికి ఇన్నాళ్లూ భాష అడ్డుపడింది.

ఆ రోజు నుంచి మా బల్ల భాష తెలుగు. పాచిక, అడ్వాంటేజ్, లెవెల్ లాంటి మాటలు ఎలాగున్నవి అలాగే ఉంచుకున్నాం. మనుషులు మాట్లాడే మాటలు మాత్రం మనవి. ‘అన్నా’ అనో ‘పెద్దమ్మా’ అనో వరస కలిపాక సత్రం యజమానురాలితో గొడవ పెట్టుకోవడం కష్టం. ఇంగ్లీషులో కత్తి తీసిన చోట తెలుగులో ముందు వరస కలుపుతున్నారు. కథ మలుపులే మారిపోయాయి.

మెట్ల బావిలో బ్రహ్మరాక్షసుడు

ఆ తర్వాత సొంత సాహసం కట్టుకున్నాం. దీనికి పాత పాఠం ఒకటుంది. 1979 నాటి ‘ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్’ లో గైగాక్స్ వాడిన లెక్క: ఒక క్షేమమైన చోటు, ఒక ప్రమాదమైన చోటు, రెంటికీ మధ్య దారి. ఈ మూడూ ఉంటే సాహసం సిద్ధం.

మా క్షేమమైన చోటు పాత బాటసారుల సత్రం. ప్రమాదమైన చోటు ఎండిపోయిన ఊళ్లో ఒక మెట్ల బావి. మధ్యలో మన దక్కన్ గుండ్లు. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ రాళ్లు. ఇంగ్లీషు పుస్తకాల్లో శత్రువులు అడవుల్లో దాక్కుంటారు. మా కథలో గుండ్ల సందుల్లో, తుమ్మపొదల్లో దాక్కుంటారు. శంషాబాద్ పక్కనే అమ్మపల్లి గుడి, దాని కోనేరు ఎన్నో సినిమాల్లో కనిపిస్తాయి. కానీ పూజలు జరిగే గుడిని రాక్షసుల కొంపగా చూపించడం మాకెవరికీ ఇష్టం లేదు. అందుకే ఊరూ బావీ రెండూ కల్పించుకున్నాం.

బావి అడుగున బ్రహ్మరాక్షసుడు. నేర్చిన విద్య ఎవరికీ చెప్పకుండా చనిపోయిన పండితుడు అలా అవుతాడని మన పెద్దవాళ్లు చెప్పే కథ. నీళ్లు ఏ కాలువలోంచి రావాలో అతనికొక్కడికే తెలుసు. చంపితే దాహం ఇంకో తరానికి మిగులుతుంది. విడిపించాలంటే ఎవరో ఒకరు అక్కడే ఉండి ఆ విద్యంతా నేర్చుకోవాలి. ఏళ్లు పడుతుంది.

ఈ కథ నడుస్తుండగానే మా శ్రీకాకుళం అమ్మాయికి దోహాలో ఉద్యోగం వచ్చింది. మిగిలింది ఒక్క ఆదివారం. టెక్నీషియన్ అన్న యుద్ధమే మేలన్నాడు. రూమ్మేట్ మోసం చేద్దామన్నాడు. పాచికలు చేతిలో ఉన్నాయి గానీ ఎవరూ వెయ్యలేదు. ఆమె తన పాత్ర కాగితం బల్ల మధ్యకి జరిపి, ‘మీరెళ్లిపోండి. ఇది ఇక్కడే ఉండి నేర్చుకుంటాది’ అంది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ టైమ్‌కి విమానం కూడా ఏదీ వెళ్లలేదు.

ఆ పాత్ర కాగితం మా పెట్టెలోనే ఉంది. కథలో ఊళ్లో నీళ్లు పారుతున్నాయి. మా పాత్రలు అటు వెళ్లినప్పుడల్లా బావి మెట్ల మీద ఆగి ఒక పాఠం విని వస్తాయి. ఆ పాఠం ఏమిటో ముందు రోజు దోహా నుంచి వాయిస్ మెసేజ్‌లో వస్తుంది. ఇలాంటి ముగింపు ఏ పుస్తకంలోనూ దొరకదు. మంచి సాహసం పుస్తకమంటే ఇలాంటిదానికి చోటు ఉంచేదని నా లెక్క.

మీరూ మొదలుపెట్టాలంటే

పెద్ద ఖర్చేమీ లేదు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్రాథమిక నియమాలని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉచితంగా విడుదల చేశారు. సుమారు 400 పేజీలు, ఇంగ్లీషులో. అన్నీ చదవక్కర్లేదు. పాత్ర తయారీ, పోరాటం భాగాలు ఒకరు చదివి మిగతావాళ్లకి చెప్తే సరిపోతుంది. సాహసం మాత్రం అందులో ఉండదు, కొనుక్కోవాలి లేదా కట్టుకోవాలి.

20 ముఖాల పాచిక దొరక్కపోతే ఫోన్‌లో యాప్ ఉంది. అదీ వద్దంటే 1 నుంచి 20 దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వెయ్యండి. తీసిన చీటీ మళ్లీ గ్లాసులో వేసి కలపడం మరిచిపోవద్దు, లేకపోతే లెక్క తప్పుతుంది. గవ్వలు మాత్రం పనికిరావు. అన్ని అంకెలూ సమానంగా పడవు.

మొదటిసారి ముగ్గురు ఆటగాళ్లు, ఒక డీఎం చాలు. రెండు మూడు గంటలకి మించొద్దు. ఇంట్లో చందమామ చదివిన పెద్దవాళ్లుంటే వాళ్లని కూర్చోబెట్టండి. తలుపు ముందు నిలబెట్టి, లోపల గురక వినిపిస్తోందని చెప్పండి. తర్వాత ఏం చేస్తారో అడిగి, మీరు ఊరుకోండి.